రెండువేల నూట ఎనభై ఐదో అట్ట

ఒక చీర కొంగులో ఏనుగులు వచ్చాయని మా నాయనను దొంగ అన్నారు. ఆ సంగతి మా అమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది. చీటికీ మాటికీ ముక్కు చీదే మనిషి, ఆరోజు మాత్రం రేషన్ అంగడిలో కందిపప్పు రాలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సావుకారు వచ్చినాడు మే. చీర మీ నాయన ముందర ఇసిరికొట్టినాడు. నువ్వు ఇంకో అంగడికి గూడా నేస్తాండావు, వాని అట్టలు నా దాంట్లో కలిసినాయి అన్నాడు. ఇంక పడుగు ఇయ్యడంట."

"నాయన ఏమన్నాడు?"

"చూసుకోలేదు సావుకారు, నాదే తప్పు అన్నాడు."

నేను అప్పుడు అనంతపురంలో, నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో ఉన్నాను. ప్రతి విద్యార్థి జేబులోనూ ఇంత బలమైన ఫోన్ ఉన్న ఈ కాలంలో కూడా మా సిలబస్‌లో ఎనభై ఎనభై ఆరు అనే ముసలి చిప్పు ఇంకా బతికే ఉంది. దానికి అసెంబ్లీ భాషలో ప్రోగ్రాములు రాయించడం నా ఉద్యోగం. బోర్డు మీద అప్పుడే రెండు వరుసలు రాశాను. డేటా ఉన్న చోటును ఏఎక్స్‌లోకి తీసుకో, ఏఎక్స్‌ను డీఎస్‌లోకి పంపు. ఇవి రిజిస్టర్లు, అంటే చిప్పు అంకెలు పెట్టుకునే చిన్న అరలు. ప్రతి ప్రోగ్రామూ వీటితోనే మొదలవుతుంది. నేరుగా డీఎస్‌లోకే పంపొచ్చు కదా మేడమ్ అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. డీఎస్ సెగ్మెంట్ రిజిస్టరు, దాంట్లోకి అంకెను నేరుగా తోసే దారి ఆ చిప్పులో లేదు, ఇంకో రిజిస్టరు చేతుల మీదుగా పోవాలి అని నేను ప్రతి ఏడాదీ చెబుతాను. ఆరోజు కూడా ఆ ప్రశ్న వచ్చింది. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, సెలవు చీటీ రాయడానికి కాగితం తీశాను.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. అంతమంది నేతగాళ్ళున్న ఊళ్ళో ఆయనకొక ప్రత్యేకమైన పేరుంది. ఆయన "మొదటి చీర" మనిషి. సావుకారు ఒక కొత్త డిజైన్ గీయించాక, నలభై మగ్గాలకు ఎక్కించే ముందు ఒకే ఒక్క చీర నేయించి చూసుకుంటాడు. ఆ చీర నేసేవాడి చెయ్యి బాగుంటే చాలదు, నోరు గట్టిగా ఉండాలి. డిజైన్ బయటికి పొక్కిందా, పక్కవాడు వారంలో అదే బొమ్మను పవర్‌లూమ్ మీద దించేస్తాడు. మా నాయన ముప్పై ఏళ్ళుగా ఎందరివో మొదటి చీరలు నేశాడు. ఒక్క బొమ్మ గురించి కూడా మా అమ్మతో చెప్పగా నేను వినలేదు.

అంత నమ్మకమున్నా సావుకారు బొమ్మ మాత్రం చూపించడు. అట్టలు ఇస్తాడు, అంతే. మగ్గం మీద జకార్డు పెట్టె ఉంటుంది. చిల్లులు కొట్టిన అట్టలను దండలా కుట్టి దాని మీద వేస్తారు. ఒక్కో అట్ట ఒక్కో వరుసకు చెబుతుంది, ఏ పోగులు లేవాలో, ఏవి పడుకోవాలో. నేతగాడు కాలితో తొక్కుతూ, అట్ట చెప్పింది నేస్తూ పోతాడు. పైగా మా ఇంట్లో చీర బోర్లా నేస్తారు. మంచి ముఖం నేల వైపు ఉంటుంది. కింద ఒక అద్దం పెట్టుకుని, పోగు తెగిందా లేదా అని చూసుకుంటారు తప్ప, బొమ్మ ఇది అవునా కాదా అని అడిగే హక్కు గానీ, తెలుసుకునే దారి గానీ నేసేవాడికి లేదు. మామిడిపిందెలు వస్తే మామిడిపిందెలు. ఏనుగులు వస్తే ఏనుగులు.

మా ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. రెండు అంగళ్ళ అట్టలు ఒకే కప్పు కింద ఉండకూడదు. ఒకరివి లెక్కబెట్టి, మూటగట్టి, గడప దాటించి, ఇల్లు ఊడ్చాకే ఇంకొకరివి లోపలికి వస్తాయి. నాకు ఆరేళ్ళప్పుడు ఒక పాత అట్టను బొమ్మల పెళ్ళికి పల్లకి చేసుకుందామని దాచుకుంటే అమ్మ నా వీపు పగలగొట్టింది. ఆ దెబ్బలు నాకు ఇంకా గుర్తున్నాయి. అలాంటి ఇంట్లో అట్టలు కలిశాయంటే నేను ఎలా నమ్మానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. కానీ నమ్మాను.

మధ్యాహ్నం సెలవు పెట్టి రైలెక్కాను. ఇంటికి పోయేసరికి నాయన మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద పోగు లేదు. పడుగు లేని మగ్గాన్ని మా ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. ఆ బోసి కట్టెలను చూడగానే కోపం బయటికి తన్నుకొచ్చింది. నాకు భయమేసినా బాధేసినా ముందు వచ్చేది కోపమే. అది మా అమ్మ వైపు ఆస్తి.

"ముప్పై ఏండ్లు నేసినావు, అట్టలు యాడివో చూసుకోవద్దా నాయనా? ఎవరో పక్క మగ్గమాయప్ప ఈడ పెట్టిపోయింటే దండలో కుట్టేసినారా? నువ్వు కుట్టినావు కదమ్మా, నీ కండ్లు యాడికి పోయినాయి?"

అమ్మ నాయన వైపు చూసి తల దించుకుంది. నాయన మగ్గం కట్టె మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది.

"కండ్లు కనపడకపోతే మగ్గం దిగు నాయనా. పేరు పోగొట్టుకోవడం ఎందుకు?"

"అన్నం తిని మాట్లాడు," అన్నాడు నాయన. నేను తినకుండా చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

నేను పోయింది అట్టలకు చిల్లులు కొట్టే అంగడికి. ఆ అంగడి నడిపేది మా అమ్మ వైపు దూరపు చుట్టం, నేను మామ అంటాను. ఊళ్ళో సగం మంది సావుకార్లకు చిల్లులు కొట్టేది ఆయనే. ఆయన మిషన్‌ను నడిపేది నా వయసున్న కంప్యూటరు. నల్లటి తెర, మౌస్ లేదు, కిటికీలు లేవు, అక్షరాలు టైపు చేస్తే పని చేస్తుంది. దాన్ని ఆయన ఎప్పుడూ ఆపడు. "ఆపితే అలుగుతాది పాపా, మళ్ళా లేయదు," అంటాడు. కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ మీద నడుపుతాడు. అమావాస్యకు మగ్గాలన్నీ ఆగిన రోజు మాత్రం దానికీ సెలవు. తుడిచి, నిమ్మకాయ కోసి, దండం పెట్టి మళ్ళీ వేస్తాడు. అంటే అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒకే ప్రోగ్రాము ఆగకుండా నడుస్తూ ఉంటుంది.

ఆ ప్రోగ్రామును కిందటి ఎండాకాలం సెలవుల్లో నేనే మార్చాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది.

ఆ ముసలి చిప్పు మెమరీని ముక్కలు ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కలో అరవై అయిదు వేల చిల్లర గదులు. ఆ ముక్క పేరే సెగ్మెంటు. ఏ గదికి పోవాలన్నా రెండు అంకెలు కావాలి. ఏ సెగ్మెంటు, అందులో ఎన్నో గది. ఉత్తరం మీద వీధి పేరు, ఇంటి నంబరు రాసినట్టు. వీధి పేరు డీఎస్, ఈఎస్ అనే సెగ్మెంట్ రిజిస్టర్లలో ఉంటుంది. ఇంటి నంబరు ఎస్ఐ, డీఐ లాంటి మామూలు రిజిస్టర్లలో ఉంటుంది. మనం ప్రోగ్రాములో చాలాసార్లు ఇంటి నంబరు ఒక్కటే రాస్తాం. వీధి ముందే పెట్టి ఉంది కదా అని మన ధీమా. ల్యాబులో రాసే చిన్న ప్రోగ్రాములకు వీధి ఒక్కటే కాబట్టి ఆ ధీమా ఎప్పుడూ చెడదు. మొదటి రెండు వరుసల్లో డీఎస్‌కు ఒకసారి దండం పెట్టేసి, మళ్ళీ దాని ముఖం చూడం.

ఒక అట్ట మీద రెండు వందల నలభై చిల్లులకు చోటుంటుంది. గదికి ఎనిమిది చొప్పున ముప్పై గదులు. లెక్కేస్తే ఒక సెగ్మెంటులో రెండువేల నూట ఎనభై నాలుగు అట్టలు పడతాయి. పాత ప్రోగ్రాముకు అదే హద్దు. ఇప్పటి పెళ్ళి చీరల కొంగులకు మూడు వేల అట్టలు దాటుతున్నాయి. పెద్ద డిజైన్ వచ్చినప్పుడల్లా మామ దాన్ని రెండు ముక్కలు చేసి విడివిడిగా కొట్టి తిప్పలు పడేవాడు. ఒకే దెబ్బలో కొట్టేలా చేయమని నన్ను అడిగాడు. నేను చేశాను.

అడ్రసు తెచ్చే ఆజ్ఞల్లో ఎల్ఈఏ అని ఒకటుంది. అది ఇంటి నంబరు మాత్రం లెక్కగట్టి ఇస్తుంది, వీధి జోలికి పోదు. ఎల్ఈఎస్ అని ఇంకొకటుంది. అది మెమరీలో పక్కపక్కన రాసిపెట్టిన రెండు అంకెలను ఒకే పోకలో తెస్తుంది. మొదటిది ఇంటి నంబరు, రెండోది వీధి. వీధిని ఈఎస్‌లో పెడుతుంది. అందుకని "రెండో సగం ఎక్కడుంది" అని చెప్పే రెండు అంకెలకు పక్కపక్కన రెండు గదులు కేటాయించాను. రెండువేల నూట ఎనభై నాలుగు అట్టలు అయిపోగానే ఎల్ఈఎస్ ఆ రెండూ తెచ్చుకుని కొత్త వీధిలోకి మారుతుంది. మా కాలేజీలో ఈ రెండు ఆజ్ఞలకూ తేడా చెప్పలేనివాళ్ళకు వైవాలో సున్నా వేసేదాన్ని. నా పేరు చెబితే పిల్లలకు ముందు గుర్తొచ్చేది ఆ సున్నాయే.

మార్చాక మూడు వేల అట్టల డిజైన్ ఒకటి వేసి చూశాను. చీమ తలంత కూడా తప్పు పోలేదు. ఆరోజు నాయన పని మానుకుని వచ్చి మిషన్ పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా చూశాడు. అట్టలను చూడలేదు, నన్ను చూశాడు. తర్వాత నెల రోజులు టీ అంగడి దగ్గర అదే పాట అని అమ్మ నవ్వుతూ చెప్పింది. "మా పాప ఆ మిషన్‌కు బుద్ధి చెప్పింది" అనేవాడట.

అదే మిషన్ ముందు నిలబడి, నాయన మగ్గం ఖాళీ అయిన ఆరోజు మామ మీద విరుచుకుపడ్డాను. ఆ ఏనుగులు ఊళ్ళో ఇంకో సావుకారివి. ఆ వారమే ఆయన అంగడి అద్దాల్లో వేలాడదీశాడు. ఆ డిజైన్‌కు కూడా ఇక్కడే చిల్లులు కొట్టారు. మా సావుకారి కొంగులో మామిడిపిందెలు పోయాక రథాలు రావాలి. రథాల చోట ఆ ఏనుగులు వచ్చాయి. అవతలివాడి ఏనుగులు ఇటు వచ్చాయంటే ఇవతలి రథాలు అటు పోయే ఉంటాయని సావుకారి లెక్క. ఆ లెక్కను తప్పనడానికి నాకూ ఏమీ దొరకలేదు.

"నువ్వు కట్టలు మార్చి ఇచ్చినావు మామా. నీ అంగడిలోనే కలిసినాయి. మా నాయన తల మీదికి వచ్చింది."

"నేను కలపలే పాపా. నా బిడ్డల మీద ఒట్టు. మిషన్ కొడతాది, కింద బుట్టలో పడతాయి, పడింది పడినట్టే కడతా. నంబర్లు చూసుకో పో, మిషనే కొడతాది కదా నంబరు."

నిజమే. ప్రతి అట్ట మూలనా మిషనే వరుస నంబరు, సావుకారి గుర్తు కొడుతుంది. నేను మళ్ళీ ఇంటికి వచ్చి, మూలన పడేసిన అట్టల దండ విప్పాను. "ఇప్పుడు అవన్నీ ఎందుకు, వదిలేయి," అన్నాడు నాయన. నేను వినలేదు. నడవలో నేల మీద వరుసగా పరుచుకుంటూ పోయాను. నేతగాడి బిడ్డకు చిల్లుల్లో బొమ్మ కనపడుతుంది. మామిడిపిందెలు, మామిడిపిందెలు, మళ్ళీ మామిడిపిందెలు. తర్వాత ఏనుగు కాళ్ళు.

నంబర్లు ఎక్కడా తప్పలేదు. అన్నీ వరుసగా ఉన్నాయి. గుర్తు కూడా మా సావుకారిదే. ఎవరూ ఏదీ కలపలేదు. ఏనుగు కాళ్ళు మొదలైన అట్టను ఎత్తి వెలుతురులో పెట్టి చూశాను. దాని మీద రెండువేల నూట ఎనభై ఐదు అని ఉంది.

ఆ అంకె ఆ ఊళ్ళో ఇంకెవరికీ ఏమీ కాదు. నాకు మాత్రం అది నా చేతి రాత. వీధి మారే చోటు.

ఆ అట్టను సంచిలో పెట్టుకుని, రాత్రి రైలుకే వెనక్కి వచ్చేశాను. మరుసటి రోజు పొద్దున కాలేజీ తెరవగానే ల్యాబులో కూర్చున్నాను. ప్రోగ్రామును ఒక్కో ఆజ్ఞా నడుపుతూ రిజిస్టర్లు ఎలా మారుతున్నాయో చూశాను. ఒక డిజైన్ వేస్తే అంతా సవ్యంగా ఉంది. ప్రోగ్రామును ఆపకుండా, దాని వెనకే ఇంకో డిజైన్ వేశాను. రెండువేల నూట ఎనభై ఐదో అట్ట దగ్గర ఎల్ఈఎస్ నడిచింది. డీఐలోకి సున్నా వచ్చింది, అది సరే. ఈఎస్ వైపు చూశాను. కొత్త డిజైన్ వీధి రావాల్సిన చోట పాత డిజైన్ వీధి కూర్చుని ఉంది.

ఎల్ఈఎస్ తప్పేమీ లేదు. రాసిపెట్టిన రెండు అంకెలనూ తెచ్చింది. రెండు రాయాల్సిన నేను ఒకటే రాశాను. కొత్త డిజైన్ లోపలికి వచ్చినప్పుడు ఎల్ఈఏతో ఇంటి నంబరు తీసి మొదటి గదిలో పెట్టాను. పక్కనున్న వీధి గదిని ముట్టుకోలేదు. ప్రోగ్రాము మొదలైనప్పుడు అందులో మొదటి డిజైన్ వీధి పెట్టాను, అదే అలా ఉండిపోయింది. రెండు అమావాస్యల మధ్య ఒక్క పెద్ద డిజైనే వచ్చినంత కాలం అది బయటపడలేదు, ఈసారి రెండు వచ్చాయి. అట్ట చిరిగితే మళ్ళీ కొట్టుకోవడానికని పాత డిజైన్‌ను మెమరీలో అలాగే ఉంచే అలవాటు ఆ ప్రోగ్రాముకు ఉంది. కాబట్టి ఆ వీధిలో ఏనుగులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండు డిజైన్లకూ అట్ట కొలత ఒకటే, రెండు సగాలుగా విరిగేదీ ఒకచోటే. అందుకే ఏనుగులు వంకర లేకుండా, తొండంతో సహా వచ్చాయి. చెత్తాచెదారం వచ్చి ఉంటే మిషన్ పాడైందని నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. అంత చక్కగా రావడమే మా కొంప ముంచింది.

మరి పరీక్షించినప్పుడు ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు నాకు తగిలిన దెబ్బ ఇంతా అంతా కాదు. నేను ఒక్క డిజైనే వేసి చూశాను. రెండోది వేయాలన్న ఆలోచనే రాలేదు. ఇద్దరు సావుకార్ల బొమ్మలు ఒకే కప్పు కింద ఉండవు కదా! ఒకటి గడప దాటాకే ఇంకొకటి లోపలికి వస్తుంది కదా! మా అమ్మ వీపు పగలగొట్టి నేర్పిన పాఠాన్ని నేను ఆ కంప్యూటరుకు కూడా వచ్చనుకున్నాను. ఇంకే ఊరి మనిషి రాసి ఉన్నా రెండు డిజైన్లు వేసి చూసేది. నేనే, నేను కాబట్టే చూడలేదు. ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నిన్న మా నాయనను ఏమన్నానో ఒక్కో మాటా గుర్తొచ్చింది.

ఎవరికీ తెలియకుండా ఆ ఒక్క వరుస చేర్చేసి ఊరుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని బుకాయించను. కానీ నాయన మగ్గం ఖాళీగా ఉంది. ఆదివారం సావుకారి అంగడికి పోయాను.

"తప్పు మా నాయనది కాదు సావుకారు. మామది కూడా కాదు. నాది."

ఆయన నేను చెప్పిందంతా విన్నాడు. వీధి, ఇంటి నంబరు అని చెబితే తల ఊపాడు కూడా. చివరికి నవ్వాడు.

"నాయనను కాపాడుకునేదానికి బాగానే చెప్పినావమ్మా. బిడ్డ అంటే నీ మాదిరి ఉండాల. పో ఇంటికి."

"నేను చూపిస్తా. మీ డిజైను, ఆయప్ప డిజైను ఇయ్యండి, మీ ముందరే..."

"నా డిజైను వానికి చూపిస్తావా?" అని కుర్చీలోంచి లేచాడు. అప్పుడు నాకు నా తెలివితక్కువతనం అర్థమైంది. రుజువు చేయాలంటే ఇద్దరి బొమ్మలూ ఒక చోటికి రావాలి. అది ఈ ఊళ్ళో జరిగే పని కాదు.

అందుకని నేనే రెండు డిజైన్లు చేశాను. మొదటిదాంట్లో అన్నీ చిల్లులే. రెండోదాంట్లో ఒక్క చిల్లూ లేదు. బుధవారం పొద్దున మా సావుకారినీ, ఏనుగుల సావుకారినీ మామ అంగడికి పిలిపించాను. ఇద్దరూ చెరో మూల కూర్చున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ప్రోగ్రామును కొత్తగా మొదలుపెట్టి మొదటి డిజైన్ వేశాను. తర్వాత రెండోది వేసి మిషన్ నడిపాను. ఉత్త అట్టలు ఒకదాని మీద ఒకటి బుట్టలో పడుతున్నాయి. గంట గడిచినా ఒక్క చిల్లు లేదు. ఏనుగుల సావుకారు ఆవలించి, గోరంట్లలో పనుందని లేవబోయాడు. "కూర్చోండి, ఇంకా పన్నెండు అట్టలు," అన్నాను.

రెండువేల నూట ఎనభై ఐదో అట్టకు మిషన్ శబ్దమే మారిపోయింది. దడదడమని రెండు వందల నలభై చిల్లులూ ఒక్కసారే కొట్టింది. ఆ తర్వాతదీ అంతే. ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. మా సావుకారు ఆ అట్టను తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆ చిల్లుల్లోంచి ఆయన కళ్ళు నాకు కనపడుతున్నాయి.

"ఏమప్పా," అన్నాడు మామతో. "అంటే ఇన్ని ఏండ్లుగా నా డిజైను, వాని డిజైను, ఈ డబ్బాలో పక్కపక్కన ఉండినాయా?"

మామకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఇద్దరు సావుకార్లూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. నా తప్పు ఎవరికీ పట్టలేదు. వాళ్ళ గుట్టు ఒకే గదిలో కాపురం చేసిందన్నదే వాళ్ళను నిలువునా కోసేసింది. తర్వాత చాలా వారాలు మామ అంగడికి ఎవరూ రాలేదు. డిజైన్ అయిపోగానే మెమరీని తుడిచేసేలా ప్రోగ్రాము మార్చి, అందరికీ చూపించి, బతిమాలి తెచ్చుకున్నాం. ఒకరిద్దరు ఇప్పటికీ రారు. మామ నన్ను ఒక్క మాట అనలేదు, కానీ పాపా అని పిలవడం మాత్రం తగ్గించాడు.

అంగడి బయటికి వచ్చాక మా సావుకారు నన్ను ఆపాడు. ఆయన క్షమించమని అడిగే మనిషి కాదు. రేపు పడుగు పంపిస్తానని మీ నాయనకు చెప్పు అన్నాడు. బండి ఎక్కబోయి మళ్ళీ దిగాడు.

"అదొకటి నాకు అర్థం కాలేదు. ఆ దినం నేను అడిగినా మీ నాయనను. అట్టల మీద నంబర్లు చూసిరాప్పా, వరుసగా ఉండాయా లేదా అని. లోపలికి పోయి చూసొచ్చినాడు. తప్పినాయి సావుకారు, వేరేవి కలిసినాయి, నేనే చూసుకోలేదు అన్నాడు. వరుసగానే ఉండాయని ఆపొద్దే చెప్పింటే నేను నేరుగా ఈడికే వచ్చిందును కదా?"

నేను నేరుగా ఇంటికి నడిచాను. నాయన ముప్పై ఏళ్ళలో ఒక సావుకారికి చెప్పిన మొదటి అబద్ధం అది. తన మీద తానే చెప్పుకున్నాడు.

నాయన గుంత పక్కన కూర్చుని నాడెకు, అదే అడ్డపోగును అటూ ఇటూ మోసే చెక్కకు, కండె ఎక్కిస్తున్నాడు. నేయడానికి ఏమీ లేకపోయినా చేతులు ఊరకుండవు.

"నాయనా, నంబర్లు వరుసగా ఉండేది నువ్వు ఆ దినమే చూసినావా?"

"చూసినా."

"మళ్ళా?"

"మళ్ళా ఏముండాది? నంబర్లు సరిగా ఉండి బొమ్మ మారిందంటే, మనిషి చెయ్యి కలిపింది కాదు. మిషన్ కలిపింది. ఆ మిషన్‌లో చెయ్యి పెట్టింది నువ్వు." కండె ఎక్కించడం ఆపలేదు. "నేను చెడగొడితే ముసిలోడైనాడు అంటారు, నాలుగు దినాలకు మర్చిపోతారు. నువ్వు చెడగొట్టినావు అంటే మగ్గం గుంతలో పుట్టినదానికి కంప్యూటర్ ఎందుకు అంటారు. ఆ మాట నీ చెవిన పడకూడదనుకున్నా. అంతే."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అన్నీ తెలిసి కూడా ఆరోజు నా ముందు నోరు మెదపలేదు. నేను అన్న మాటలన్నీ అలాగే పడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"నేను వచ్చి అన్ని మాటలంటే అప్పుడన్నా చెప్పకూడదా?"

"అంటావులే, కోపం నీది." తర్వాత నాడెను పక్కన పెట్టి, తలుపులోంచి వస్తున్న వెలుతురు వైపు ముఖం తిప్పి, చాలా మెల్లగా అడిగాడు.

"అయితే పాపా, నువ్వు అట్ల అన్నప్పటి నుంచి దినామూ చూసుకుంటాండా. నాకు నిజంగానే కండ్లు మసకబారినాయంటావా?"